పులుసు మనది... చేప ఎవరిది?

ఉద్యమం నడుస్తున్న రోజుల్లో మనల్ని దబాయించడానికి వాళ్ల దగ్గర ఒక ప్రశ్న ఎప్పుడూ తయారుగా ఉండేది. మీకు సముద్రం లేదు, రేవు లేదు, విడిపోయి ఏం చేసుకుంటారు అని. టీవీ చర్చల్లో అడిగారు, యూనివర్సిటీ హాస్టళ్లలో అడిగారు, ఆఫీసు క్యాంటీన్లలో చాయ్ తాగుతూ అడిగారు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. సముద్రం లేదన్న బెంగతో ఎవరూ మంచం పట్టలేదు. కాకపోతే ఇప్పుడు ఆ సముద్రమే బోర్డుల మీదికెక్కి మన ఊళ్లలోకి వచ్చింది. ఖమ్మంలో చూడండి, కొత్తగూడెంలో చూడండి, ఏసీ హోటల్ ముందర నీలిరంగు బోర్డు, దాని మీద ఎర్రటి పీత బొమ్మ, ‘సీ ఫుడ్’ అని పెద్ద అక్షరాలు. లోపల వడ్డించేది చాలాసార్లు చెరువులో పెంచిన రూప్‌చందే. రంగు పొడి దట్టంగా పట్టిస్తే ఏ నీళ్ల చేపో నాలుకకు తెలియదు కదా!

అసలు చేపకూ సముద్రానికీ లంకె పెట్టింది ఎవరు? మిరుగు కార్తె నాడు తెలంగాణలో చేప వండని ఇల్లు ఎన్ని? చెరువు మత్తడి దూకితే వల పట్టుకొని ఉరికిన ఊర్లు మనవి. కొర్రమీను, బొచ్చె, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరకలు... ఈ పేర్లు సముద్రం నేర్పినవి కావు. గోదావరి, కృష్ణ, మంజీర, మున్నేరు, కిన్నెరసాని నేర్పినవి. 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం కూడా. ప్రకటించుకున్నాం సరే, అది ఎవరి వలలో పడుతోంది, ఎవరి పొయ్యి మీద ఉడుకుతోంది, ఆ వల వేసే హక్కు ఏ కాగితం మీద ఉంది? ఈ ప్రశ్నలు నాకు లైబ్రరీలో తట్టలేదు. దుమ్ముగూడెం మండలంలో ఒక పూరిపాక కింద, అడ్డాకు విస్తరి ముందు కూర్చున్నప్పుడు తట్టాయి.

భద్రాచలం దాటి చర్ల రోడ్డు పట్టినవాళ్లకు ఒక వింత తెలుసు. తెలంగాణ ఊరిలో బస్సెక్కుతావు, కాసేపటికే ఆంధ్రప్రదేశ్‌లో ఉంటావు, ఇంకాసేపటికి మళ్లీ తెలంగాణ. మధ్యలో దాటిన నేల 2014లో మన చేతి నుంచి జారిపోయిన నేల. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా ఏడు మండలాల నేలను ఆంధ్రలో కలుపుతూ కేంద్రం ఆ ఏడాది మేలో ఆర్డినెన్సు తెచ్చింది, జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. భద్రాచలం పట్టణం మనకు మిగిలింది. దాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పోయాయి. రాముడి గుడి ఇటు, రాముడి భూములు అటు. ఈ గీత గీసినవాళ్లు ఎప్పుడైనా ఈ రోడ్డు మీద బస్సెక్కారో లేదో!

ఆ గీతను రెండుసార్లు దాటాక, పర్ణశాలకు ఇవతల, గోదావరి ఒడ్డుకు దిగే మట్టిబాట పక్కన ఉందా హోటల్. హోటల్ అని నేనంటున్నాను. వాళ్లేమీ అనరు. బోర్డు లేదు. పైకప్పు తాటాకు, తాటాకు చిరిగినచోట ఎన్నికల ఫ్లెక్సీలు. ఒకవైపు తెలంగాణ నాయకుడు, ఇంకోవైపు ఆంధ్ర నాయకుడు, ఇద్దరూ చేతులు జోడించి కింద తినేవాళ్లకు దండం పెడుతుంటారు. ఈ ఇద్దరినీ ఒక్క కప్పు కిందికి తెచ్చిన ఘనత ఆ ఇల్లాలిది. కుర్చీలు ఆరు, ఆరూ ఆరు రంగులు. చేతులు కడగాలంటే బోరింగు కొట్టాలి, ఒకరు కొడితే ఒకరు కడుక్కోవాలి. ఒంటరిగా వెళ్లినవాడికి పక్కవాడితో మాట కలపక తప్పదు.

వాళ్లది కోయ కుటుంబం. భర్త వల వేస్తాడు, భార్య వండుతుంది, అత్త పొయ్యి దగ్గర కూర్చొని పెత్తనం చేస్తుంది, కొడుకు భద్రాచలంలో డిగ్రీ చదువుతూ సెలవు రోజున వడ్డిస్తాడు. ‘‘ఏం చేపలున్నాయక్కా?’’ అనడిగితే, ‘‘నీళ్లలోనే ఉన్నాయి సారూ, ఆయన తీసుకురావాలి’’ అంది. గంట పట్టింది. విసుక్కొని ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఆమె ఆపలేదు. కూర్చున్నవాళ్లకు మాత్రం ముందు కాల్చిన జీడిగింజలు ఒక పిడికెడు పెట్టింది, వాటికి లెక్క లేదు. ముసలమ్మ అయితే తినేవాళ్ల విస్తరి మీద కన్నేసి ఉంచుతుంది. ‘‘కూర నచ్చకపోతే చెప్పు నాయనా, ముల్లుకు కండ వదిలి మాత్రం లేవకు’’ అని నన్ను గదమాయించింది. స్టార్ హోటల్ వాడు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తాడు, ఈమె తినేవాడికే మార్కులు వేస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ల ఖాతా పుస్తకం. పుస్తకం కాదు, తలుపు చెక్క. దాని మీద సుద్దముక్కతో గీతలు. పేర్లుండవు. ‘బడి సారు’, ‘నర్సమ్మ’, ‘బీటు సారు’, ‘కరెంటు’... ఏజెన్సీలో ఉద్యోగం చేసిన మన మిత్రులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒకటో తారీఖున జీతం పడితే గీతలు చెరుగుతాయి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కినప్పుడు ఈ పాక మొత్తం కొట్టుకుపోయింది. తలుపూ పోయింది, తలుపు మీది బాకీలూ పోయాయి. నీళ్లు తీశాక బాకీదారుల్లో సగం మంది వాళ్లంతట వాళ్లే వచ్చి ఇంత బాకీ అని చెప్పి కట్టిపోయారట. మిగతా సగం ఎవరని అడిగాను. నవ్వింది తప్ప చెప్పలేదు. చదివేవాళ్లలో ఎవరైనా ఉంటే, ఆ తలుపు మళ్లీ వచ్చిందని తెలియజేయడమైనది.

పులుసు సంగతి చెప్పకుండా ఎట్లా! మట్టి దాక, కట్టెల పొయ్యి, పాత చింతపండు, ఎండుమిర్చి, వెల్లుల్లి, మెంతిపిండి ఇంతే. టమాటా లేదు, కొబ్బరి లేదు. కోనసీమ పులుసులోని తీపి దీంట్లో వెతికితే దొరకదు, మన వరంగల్ కారం కూడా కాదు. ఘాటు ముందు చెవులకు తెలుస్తుంది, పులుపు తర్వాత వస్తుంది. వాలుగ ముక్క వేలితో ముడితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఇక్కడి మాట కూడా అట్లాంటిదే. 1959 దాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడాదే ఖమ్మంలో కలిసింది. అందుకే అక్కడి నోట్లో గోదావరి జిల్లా మాట, తెలంగాణ మాట, కోయ మాట మూడూ కలిసే వస్తాయి. దాన్ని చూసి ‘వాళ్లు మనవాళ్లేనా’ అని అడిగే అతితెలివి మనవాళ్లలో కొందరికి ఉంది. ఆ పులుసు తిని అడగమనండి.

ఇంత చెప్పాక అసలు విషయం. ఆ పొయ్యి మీద దాకలు రెండున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న దాకలో ఏరు చేప, పెద్ద దాకలో థర్మకోల్ పెట్టెలో ఐసు మీద వచ్చిన చెరువు చేప. దాచలేదామె. ‘‘ఇది ఏటిది, ఇది భీమవరం వైపుది. రేటు వేరు సారూ, చెప్పి వడ్డిస్తా’’ అంది. గోదావరి ఒడ్డున, చేయి చాస్తే నీళ్లందే దూరంలో, ఐసు పెట్టెలో చేప! అదీ పెద్ద దాకలో! పదేళ్ల కింద రెండు దాకలూ ఏటి చేపవేనట. ఇప్పుడు ఏటి చేప వచ్చిన రోజు చిన్న దాక పొయ్యెక్కుతుంది, రాని రోజు దాన్ని బోర్లించి పెడతారు.

ఆంధ్ర రైతు చేపలు పెంచి అమ్మడం తప్పని నేననడం లేదు. కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో చెరువులు తవ్వి, విత్తనం తయారుచేసి, ఐసు ఫ్యాక్టరీలు, లారీలు, మార్కెట్లు కట్టుకొని బెంగాల్, అస్సాం దాకా పంపుతున్నారు. అది వాళ్ల కష్టం. మన సంగతేమిటన్నదే నా ప్రశ్న. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా చేపపిల్లలు వదిలింది. బొచ్చె, రోహు, మోసు, బంగారు తీగ. 2018లో మత్స్యకారులకు మోపెడ్లు, ఐసు పెట్టెలు ఇచ్చింది. మంచిదే, చాలా ఊర్లలో ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాలకు నాలుగు డబ్బులు కనిపించాయి. ఆ పిల్లల్ని కూడా కైకలూరు నుంచే తెస్తున్నారన్న విమర్శ అప్పట్లో వచ్చింది, దానికి గట్టి జవాబు రాలేదు. ఆ వాదన ఇప్పుడు పక్కన పెడదాం. పథకమంతా చెరువు లెక్కల మీద నడిచింది. పారే ఏరు, ఆ ఏరు మీద బతికే ఏజెన్సీ మనిషి ఆ లెక్కలో ఎక్కడ?

ఏటి చేప ఎందుకు తగ్గిందని ఆ ఇంటాయనను అడిగితే ఒక్క కారణం చెప్పలేదు. ఎండాకాలం మడుగులు ఎండిపోతున్నాయన్నాడు, ఇసుక తోడిన చోట చేప గుడ్డు నిలవదన్నాడు, దోమతెర లాంటి వలలతో పిల్లల్ని కూడా ఊడ్చేస్తున్నారన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది నా చెవిలో ఉండిపోయింది. ‘‘దిగువకు పోతే అటువాళ్లు ఇది మా ఏరు అంటారు, ఎగువకు పోతే ఇంకో ఊరి సంఘం మాది అంటుంది. మా తాత వల వేసిన మడుగు, నేను వేస్తే ఎవరిదో అయిపోయింది.’’ రాష్ట్రాల గీత నీళ్ల మీద నిలవదు, చేపకు అసలే తెలియదు. వల పట్టుకున్నవాడికి మాత్రం ప్రతిరోజూ తగులుతుంది.

రేపటి సంగతి ఇంకా ఉంది. దుమ్ముగూడెం దగ్గర బ్రిటిష్ వాళ్ల కాలపు ఆనకట్ట దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ పని మొదలుపెట్టారు. కింద పోలవరం, 150 అడుగుల పూర్తి మట్టానికి నింపితే శబరి గోదావరిలో కలిసే కూనవరం, వరరామచంద్రాపురం, వేలేరుపాడు, కుక్కునూరు ప్రాంతాల రూపమే మారిపోతుంది. పారే ఏరు నిలిచిన సాగరం అవుతుంది. అప్పుడు ఒడ్డు మీద కూర్చొని వల విసిరేవాడికి పని ఉండదు, పెద్ద పడవ, పెద్ద వల, పెట్టుబడి ఉన్నవాడికే ఉంటుంది. ఊహించి చెప్తున్న మాట కాదిది. శ్రీశైలం వెనుక నీళ్లలో, కొల్లాపూర్ సోమశిల వైపు ఏం జరిగింది? భూములు మునిగింది పాలమూరు వాళ్లవి. తీరా నీళ్లు నిలిచాక కోస్తా నుంచి వచ్చిన పడవలు, చేప పిల్లను కూడా వదలని అలివి వలలు, వాటి వెనుక షావుకార్లు. స్థానిక మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నా దాడులు, జప్తులు, మళ్లీ మామూలే. మునిగిన ఊరివాడు తన ఊరి మీద నిలిచిన నీళ్లలో కూలివాడయ్యాడు. గోదావరి మీద ఆ కథ మళ్లీ నడవాలా?

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. ఈ మూడు మాటల మీద ఉద్యమం చేశాం. 1969లో నిప్పు పుట్టింది ఇదే జిల్లాలో, పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో స్థానికుల ఉద్యోగాల దగ్గర. మా తరం వంతు వచ్చేసరికి రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం, 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె నడిపాం. ఆ సమ్మెలో జీతాలు పోగొట్టుకున్న ఉద్యోగులు, సెమిస్టర్లు పోగొట్టుకున్న విద్యార్థులు ఈ పేజీ చదువుతున్నవాళ్లలో చాలామంది ఉన్నారు. నేను అడుగుతున్నది ఒక్కటే. నీళ్లంటే ఎకరానికి పారే నీళ్లేనా? టీఎంసీలలో కొలిచే నీళ్లేనా? నీళ్లలో ఉన్న చేప, ఆ చేప మీద బతికే ఇల్లు నీళ్ల వాటాలోకి రావా? ట్రిబ్యునళ్ల ముందు మన వకీళ్లు చదివే కాగితాల్లో ఒక్క చేప కూడా ఈదదు.

టూరిజం అనగానే మన ప్రభుత్వాలకు, ఇప్పటిదానికీ మునుపటిదానికీ, గుర్తొచ్చేది కాంక్రీటు. అద్దాల గదులు, లైట్లు, సెల్ఫీ పాయింటు. కేరళ పోయి చూడండి. కల్లు షాపుల్లో చేపల కూర కోసమే జనం కార్లేసుకొని పోతారు. 2010లో ఆ రాష్ట్రం కరిమీన్‌ను తన చేపగా ప్రకటించుకుంది, వెనుక కాలువల పక్కన చిన్న చిన్న ఇళ్ల హోటళ్లలో ఆ చేప కనిపిస్తుంది. మనం కొర్రమీనును గెజిట్‌లో పెట్టి అక్కడే వదిలేశాం. పర్ణశాలకు వచ్చే భక్తుల్లో, వేసవిలో ఏజెన్సీకి వచ్చే యాత్రికుల్లో ఎంతమందికి ఏటి ఒడ్డు వంట దొరుకుతోంది? దొరికేవన్నీ నూడుల్స్, ఫ్రైడ్ రైస్.

అట్లాగని నాలుగు కోట్లతో ‘ఫిష్ ఫుడ్ కోర్టు’ కట్టి టెండరు పిలవమని నేను అడగడం లేదు. దయచేసి పిలవకండి. టెండరు పిలిస్తే ఎవరు వస్తారో మనకు తెలుసు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ కాకూడదని 1970 నాటి 1/70 చట్టం గట్టిగా చెప్తోంది. అయినా రోడ్డు పక్క షెడ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ రోడ్డు మీద పోయే ప్రతివాడికీ తెలిసిన రహస్యమే. ఏటి ఒడ్డు కూడా అదే దారి పట్టకముందే ఒడ్డు మనుషుల హక్కు కాగితం మీదికి రావాలి.

కాగితం ఉంది కూడా! ఎవరూ విప్పడం లేదు అంతే. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మనకు పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. 2023లో పట్టాలు పంచిన సభల్లోనూ పోడు మాటే వినిపించింది. ఆ చట్టం మూడో సెక్షన్ చదవండి. ఉమ్మడి హక్కుల్లో చేపలు, నీటి వనరుల ఉత్పత్తులు అని స్పష్టంగా రాసి ఉంది. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలంది. గోదావరి చిన్న నీటి వనరా అని అధికారి ఎకసెక్కంగా అడుగుతాడు, అడగనీయండి. వాగులు, మడుగులు, ఏటి పాయలు, తాతల కాలం నుంచి ఊరు వాడుకుంటున్న రేవులు, ఇవన్నీ ఊరి హద్దుల్లోవే కదా. వాటితో మొదలుపెట్టొచ్చు. ఒడ్డునే బతికే బెస్త కుటుంబాలకు కూడా చట్టంలో చోటుంది. కాకపోతే మూడు తరాలు, 75 ఏళ్లు అడవి మీద ఆధారపడి అక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి, అది కష్టమైన పని. గిరిజన సంఘం, మత్స్య సంఘం విడివిడిగా కొట్లాడుకుంటే ఇద్దరికీ నష్టం, మూడోవాడికి లాభం. రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు ఒకచోట కూర్చొని, ఈ ఉమ్మడి నీళ్ల మీద ఇటు కార్డు అటు చెల్లుతుందని ఒక ఉత్తర్వు ఇవ్వడానికి ఏ ట్రిబ్యునల్ అడ్డం వస్తుంది? బస్సు దాటుతున్న గీతను వల దాటకూడదా?

ఉమ్మడి హక్కుల దరఖాస్తును ఫారం-బి అంటారు. దాంట్లో చేపలు, నీటి వనరులు అని ఒక గడి ఉంది. తీర్మానం చేయాల్సింది గ్రామసభ. మడుగుల పేర్లు, రేవుల పేర్లు, ఎవరి తాత ఎక్కడ వల వేసేవాడో ముసలివాళ్లు చెప్తారు. రాయడానికి చదువుకున్న పిల్లలు కావాలి. భద్రాచలం డిగ్రీ కాలేజీలో, కొత్తగూడెంలో, కాకతీయ, ఉస్మానియా హాస్టళ్లలో ఆ ఊర్ల పిల్లలున్నారు. ఏజెన్సీలో పనిచేసే టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు. సెలవుల్లో ఒక్కో ఊరికి రెండు రోజులు చాలు. భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బారు జరిగేది సోమవారం. కాగితం ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి, రసీదు లేకుండా వెనక్కి రావద్దు.